చేప కన్నుతో సూరత్

సూరత్‌కు బదిలీ మీద వచ్చిన తర్వాత మొదటి ఆదివారం. అడాజణ్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో అట్టపెట్టెలు సగం కూడా విప్పలేదు. కాలింగ్ బెల్ మోగింది. తలుపుకు బిగించిన గాజుకన్నులోంచి బయటికి చూశాను. ఎదురింటి బెన్ చేతిలో స్టీలు డబ్బాతో నిలబడి ఉన్నారు. డబ్బా ఆవిడ తలకంటే పెద్దగా ఉంది. ఆవిడ వెనకాల లిఫ్టు, మెట్లు, రెండు వైపులా ఉన్న తలుపులు, కింద డోర్ మ్యాట్, పైన ట్యూబ్‌లైటు, అన్నీ ఒక చిన్న గుండ్రంలో వంగి ఇమిడి ఉన్నాయి. తలుపు తీస్తే డబ్బాలో వేడివేడి లోచో. సూరత్ మాకు చెప్పిన స్వాగతం అది.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా ఆ గాజుకన్నులోంచి చూసి అడిగింది. "నాన్నా, చిటికెన వేలు పట్టే రంధ్రంలోంచి వరండా మొత్తం ఎలా కనిపిస్తోంది?" నేను ఎంబీఏ చదివినవాడిని. తెలియని ప్రశ్నకు తెలిసినట్టుగా జవాబు చెప్పడం మాకు నేర్పే మొదటి విద్య. "లెన్స్ ఉంటుందమ్మా" అని తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే చాల్లేదు. సరైన జవాబు వెతుక్కుంటూ వెళ్లిన నాకు రెండు దొరికాయి: ఒక సరదా, ఒక హెచ్చరిక. రెండింటినీ మన పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవాలని ఈ వ్యాసం.

పేరు ఎలా వచ్చింది

మన తలుపు గాజుకన్నుకు దగ్గరి చుట్టం 'ఫిష్ ఐ' లెన్స్, అంటే చేప కన్ను కటకం. సుమారు 180 డిగ్రీల దృశ్యాన్ని, అంటే మన ముందున్న సగం ప్రపంచాన్ని, ఒకే ఫొటోలోకి లాగేస్తుంది. దీనికి చేప పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే బావిలోకి దిగాలి.

మాది సిరిసిల్ల ప్రాంతం. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో ఈత కొట్టినవాళ్లకు ఇది అనుభవమే. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు లోపలికి మునిగి వెల్లకిలా తిరిగి పైకి చూస్తే, తలమీద ఒక గుండ్రటి వెలుగు కిటికీ కనిపిస్తుంది. బావి గట్టు, గట్టు మీది చెట్టు, బట్టలు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడు, అందరూ ఆ కిటికీ అంచున వంగి తొంగి చూస్తున్నట్టు ఉంటారు. కిటికీ అవతల అంతా అద్దంలా ఉండి బావి అడుగే తిరిగి కనిపిస్తుంది.

కారణం కాంతి వక్రీభవనం. గాలిలోంచి నీళ్లలోకి వచ్చే కిరణం లోపలికి వంగుతుంది. నేలకు సమాంతరంగా, నీటి ఉపరితలాన్ని రాసుకుంటూ వచ్చే కిరణం కూడా నీటిలో నిలువు గీతకు సుమారు 48.6 డిగ్రీల కోణంలోకి వంగిపోతుంది. అటు 48.6, ఇటు 48.6. అంటే పైనున్న 180 డిగ్రీల ప్రపంచమంతా నీళ్లలో ఉన్నవాడికి సుమారు 97 డిగ్రీల గుండ్రంలో సర్దుకుంటుంది. దీనిని స్నెల్ కిటికీ అంటారు.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన రాబర్ట్ వుడ్‌కు, చేపకు మనం ఎలా కనిపిస్తామో ఫొటో తీసి చూడాలనిపించింది. ఒక బకెట్ తీసుకుని అడుగున ఫొటోగ్రాఫిక్ ప్లేటు పెట్టాడు. సగం ఎత్తులో సన్నటి రంధ్రం ఉన్న చిన్న లెన్స్ అమర్చాడు. నీళ్లు నింపి, అలలు రాకుండా పైన గాజుపలక పెట్టాడు. 1906లో ఆయన ప్రచురించిన పత్రంలోనే 'ఫిష్ ఐ' అనే మాట మొదట వచ్చింది. కాబట్టి ఈ పేరు చేప కంటి నిర్మాణాన్ని బట్టి వచ్చింది కాదు. నీళ్లలోంచి పైకి చూసే చేపకు కనిపించే దృశ్యాన్ని బట్టి వచ్చింది.

మేఘాల కోసం పుట్టిన లెన్స్

బకెట్ మోసుకుని ఎవరూ ఫొటోలు తీయలేరు కదా. 1922లో డబ్ల్యు.ఎన్. బాండ్ అనే ఆయన నీటి బదులు అర్ధగోళాకారపు గాజును వాడి మేఘాల ఫొటోలు తీసే పద్ధతి చెప్పాడు. 1924లో కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్ ఆకాశం మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టే లెన్స్‌ను వివరించాడు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లు ఈ పేరు ఎక్కడో విన్నామే అనుకుంటున్నారా? కిరణజన్య సంయోగక్రియ పాఠంలో వచ్చే 'హిల్ చర్య' ఈయనదే. ఆకుల్లో వెలుగు ఏం చేస్తుందో వెతికిన మనిషి, అంతకు ముందు ఆకాశంలో మేఘాలు ఎలా పరుచుకుంటాయో పట్టే లెన్స్ తయారు చేశాడు.

అంటే చాలాకాలం ఇది వాతావరణ శాస్త్రవేత్తల పనిముట్టు. జపాన్‌లో నిప్పన్ కోగాకు సంస్థ, అంటే నేటి నికాన్, 1938లో ఇలాంటి లెన్స్ ఒకటి తయారు చేసింది. 1962లో అదే సంస్థ మామూలు 35 మి.మీ. కెమెరాకు తగిలించుకోగలిగే 8 మి.మీ. ఫిష్ ఐ లెన్స్ తెచ్చింది. అప్పటినుంచి అది ఫొటోగ్రాఫర్ల చేతికి వచ్చింది. 1970లో అదే సంస్థ చూపించిన 6 మి.మీ. లెన్స్ అయితే 220 డిగ్రీలు చూస్తుంది. అంటే తన వెనక ఉన్నది కూడా కొంత చూస్తుంది! బరువు ఐదు కిలోల పైమాటే. మన పాత శాఖల్లో లాకర్ గది తాళాల గుత్తి గుర్తొచ్చింది నాకు.

కొబ్బరి చిప్పను చదును చేయడం

మా అమ్మాయి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. మన చుట్టూ ఉన్న దృశ్యం ఒక కొబ్బరి చిప్ప లోపలి భాగం లాంటిది అనుకోండి. మన కన్ను దాని మధ్యలో ఉంది. ఫొటో మాత్రం బల్లపరుపు కాగితం. చిప్పను పగలకుండా, సాగకుండా కాగితం మీద పరచడం ఎవరివల్లా కాదు. ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. గోళంలాంటి భూమిని అట్లాసులో పరిచినప్పుడు గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత పెద్దగా కనిపించడం కూడా ఇలాంటి రాజీయే.

మామూలు లెన్స్ చేసే రాజీ ఏమిటంటే, సరళరేఖలను సరళరేఖలుగానే ఉంచుతాను, దానికి బదులు అంచుల్లో సాగదీస్తాను అంటుంది. లెక్క చూడండి. 8 మి.మీ. నాభ్యంతరం ఉన్న లెన్స్ ఈ పద్ధతిలో 45 డిగ్రీల పక్కన ఉన్న వస్తువును ఫొటో మధ్యనుంచి 8 మి.మీ. దూరంలో ముద్రిస్తుంది. 80 డిగ్రీల పక్కన ఉన్నదాన్ని 45 మి.మీ. దూరంలో. 90 డిగ్రీల దగ్గర? అనంతం. అంత పెద్ద సెన్సర్ ఏ కంపెనీ తయారు చేయలేదు, ఏ బ్యాంకూ అప్పివ్వలేదు.

ఫిష్ ఐ రాజీ వేరు. రేఖలు వంగితే వంగనీ, కోణాల లెక్క మాత్రం తప్పను అంటుంది. ఒక రకం ఫిష్ ఐలో అదే 8 మి.మీ. లెన్స్ 45 డిగ్రీలను 6.3 మి.మీ. దగ్గర, 80 డిగ్రీలను 11.2 మి.మీ. దగ్గర, 90 డిగ్రీలను 12.6 మి.మీ. దగ్గర ముద్రిస్తుంది. సగం ప్రపంచం పాతిక మిల్లీమీటర్ల గుండ్రంలో వచ్చి కూర్చుంటుంది.

ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది, నల్లటి ఫొటో మధ్యలో చందమామలా గుండ్రటి బొమ్మ ఇచ్చేది. రెండోది, ఫొటో మొత్తం నింపేది. దీంట్లో మూల నుంచి మూలకు 180 డిగ్రీలు వస్తుంది. నేను కొన్నది రెండోది. సెకండ్‌హ్యాండ్, ఆటోఫోకస్ లేనిది. పండగ అడ్వాన్స్‌ను ఏ పద్దు కింద ఖర్చు చేశానో ఇంట్లో చెప్పడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

మొదటి రోజు తీసిన పదహారు ఫొటోల్లో పదహారింటిలోనూ నా చెప్పులు పడ్డాయి. మా ఆవిడ చూసి, "ఏమండీ, ఇంత డబ్బు పెట్టింది మీ పాదాలు చూసుకోవడానికా?" అంది.

సూరత్ తలెత్తి చూస్తే

ఈ లెన్స్‌కు సూరత్ బాగా నప్పింది. సూరత్ అనగానే మనకు గుర్తొచ్చేవి చీరలు, వజ్రాలు. కాస్త తలెత్తి చూస్తే గుమ్మటాలు కూడా ఉన్నాయి. కతార్‌గామ్ దగ్గర 17వ శతాబ్దపు ఇంగ్లిషు వాళ్ల, డచ్చి వాళ్ల సమాధులు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఇవి క్రైస్తవుల సమాధులని నమ్మడం కష్టం. గుమ్మటాలు, స్తంభాలు, తోరణాలతో నవాబుల కట్టడాల్లా ఉంటాయి. ఈ ఊరి మొఘలు వైభవాన్ని చూసి వచ్చినవాళ్లు తామూ ఆ హంగుతోనే పడుకోవాలనుకున్నారు కాబోలు. ఇంగ్లిషు వైపు క్రిస్టఫర్, జార్జ్ ఆక్సెండెన్ అనే అన్నదమ్ముల సమాధి ఉంది. 1664లో శివాజీ సూరత్ మీద దాడి చేసినప్పుడు ఇంగ్లిషు వర్తకస్థావరాన్ని కాపాడుకున్నది ఈ జార్జే. 1669లో ఇక్కడే కన్నుమూశాడు. డచ్చి వైపు ఉన్న పెద్ద సమాధి హెండ్రిక్ వాన్ రీడ్‌ది. మలబారు మొక్కల మీద 'హోర్టస్ మలబారికస్' అనే 12 సంపుటాల గ్రంథం కూర్పించిన మనిషి. 1691 డిసెంబరులో ముంబై తీరం దగ్గర ఓడలో మరణిస్తే సూరత్ తెచ్చి ఖననం చేశారు.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట ట్రైపాడ్ వాడాలంటే అనుమతి కావాలి. నేను చేతిరుమాలు మడిచి నేలమీద వేసి, కెమెరాను ఆకాశం వైపు వెల్లకిలా పడుకోబెట్టి, టైమర్ నొక్కి పక్కకు తప్పుకుంటాను. గుమ్మటం కింద ఇలా తీసిన ఫొటోలో ఒక వింత జరుగుతుంది. గుమ్మటం సహజంగానే గుండ్రం. లెన్స్ ఇచ్చే వంపు, కట్టడంలోని వంపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చుట్టూ ఉన్న తోరణాలన్నీ పువ్వు రేకుల్లా బయటికి విచ్చుకుంటాయి. వంకర తీస్తుందని పేరుపడ్డ లెన్స్ ఇక్కడ కట్టినవాడి మనసులోని నమూనాను ఉన్నదున్నట్టు గీసినట్టు ఉంటుంది.

ఇక వజ్రాలు. వరాఛా, మహీధర్‌పురా వైపు మా ఖాతాదారుల దగ్గరకు తనిఖీకి వెళ్లినప్పుడు ఒక పెద్దమనిషి నాకు భూతద్దం చేతికిచ్చి సానపట్టిన వజ్రాన్ని చూపించారు. వజ్రం ఎందుకు మెరుస్తుందో తెలుసుకున్నప్పుడు నాకు మళ్లీ మా బావి గుర్తొచ్చింది. నీటిలో స్నెల్ కిటికీ సగం కోణం 48.6 డిగ్రీలైతే, వజ్రంలో అది సుమారు 24.4 డిగ్రీలే. అంత ఇరుకు కిటికీ కావడం వల్ల లోపలికి వెళ్లిన వెలుగు సులభంగా బయటపడలేక ముఖాల మీద తగిలి తిరుగుతూ, సానపట్టినవాడు అనుకున్న దారిలోనే పైకి వస్తుంది. చేపకు గుండ్రటి కిటికీ చూపించే సూత్రమే వజ్రానికి మెరుపు ఇస్తోంది. ఒకప్పుడు మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లకు లోకమంతా పేరు. ఇప్పుడు లోకం నలుమూలల నుంచి వచ్చే రాళ్లకు ఇక్కడి సాన.

ఖాతా అంటే మనం అనుకునేది కాదు

సూరత్‌లో మగ్గాల షెడ్డును కార్మికులు 'ఖాతా' అంటారు. "మా ఖాతా లింబాయత్ అవతల" అని ఒకాయన అంటే, కొత్తలో నేను బ్రాంచి పేరు అడిగాను. లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి తరాలుగా స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఎన్నో. వాళ్లలో మా బంధువులూ ఉన్నారు. మా నాన్న కూడా నేతపనివాడే. సిరిసిల్లలో మొదట చేనేత, తర్వాత సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి నన్ను చదివించారు. అమ్మ పోయాక మాతోనే ఉంటున్నారు.

ఆయనను తీసుకుని ఒకరోజు మా బంధువుల ఖాతాకు వెళ్లాను. పొడవాటి షెడ్డు, రెండు వైపులా మగ్గాలు, చెవులు చిల్లులు పడే చప్పుడు. మామూలు లెన్స్‌తో తీస్తే నాలుగు మగ్గాలు వస్తాయి. ఫిష్ ఐతో తీస్తే షెడ్డంతా వచ్చింది. పడుగు దారాలు మధ్యలో నిటారుగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ విల్లులా వంగాయి. మధ్యలో నిలబడి చూసుకుంటున్న కార్మికుడు ఆ దారాలన్నిటినీ రెండు చేతులతో ఆపుతున్నట్టు కనిపించాడు. ఈ లెన్స్ ఆకర్షణ ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. మామూలు ఫొటో మనిషిని చూపిస్తుంది. ఇది మనిషిని, అతని చుట్టూ ఉన్నదాన్ని, ఫొటో తీస్తున్న మనల్ని కూడా ఒకే గదిలో నిలబెడుతుంది.

ఆ రోజే ఇంకొకటి కూడా బయటపడింది. మగ్గాల మధ్య నడుస్తూ నాన్న రెండుసార్లు పక్కనున్న ఇనుప చట్రానికి భుజం కొట్టుకున్నారు. నలభై ఏళ్లు ఆ సందుల్లో కళ్లు మూసుకుని నడిచిన మనిషి. ఇంటికి వచ్చాక అడిగితే మెల్లగా అన్నారు.

"అంచులు కనవడ్తలేవు బిడ్డా. నడుమల మంచిగనే కనవడ్తది. శానా రోజులాయె."

నేతపనివాడి కన్ను ఎప్పుడూ రెండు అంచుల మీద ఉంటుంది. నాడె ఇటునుంచి అటు పోయి వచ్చేలోపు రెండు వైపులా బట్ట అంచు సరిగ్గా పడుతోందో లేదో కనిపెడుతూ ఉండాలి. అలాంటి మనిషికి చూపులోనే అంచులు చెరిగిపోతుంటే, వయసు అనుకుని ఊరుకున్నారు. పేపరు చదవగలుగుతున్నారు కదా అని నేనూ ఊరుకున్నాను. టీ గ్లాసు పక్కన పెట్టబోయి బల్ల అంచున పెట్టిన రోజులు, గుమ్మానికి తగిలిన రోజులు, అన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. రోజూ లెడ్జర్లలో తేడాలు పట్టుకునే నేను ఇంట్లో తేడా పట్టలేకపోయాను.

చూపు ఇరుకవడం అంటే

కంటి డాక్టరు గ్లకోమా అన్నారు. తెలుగులో నీటికాసులు. కంటిలోని ద్రవపు ఒత్తిడి వల్ల గానీ, కొందరిలో ఒత్తిడి మామూలుగా ఉన్నా గానీ, చూపు నరం మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు ఇది. ఎక్కువమందికి వచ్చే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. సాధారణంగా ముందు పక్కచూపు తగ్గుతుంది. మధ్య చూపు చివరిదాకా బాగానే ఉండటం వల్ల అక్షరాల చార్టు చదివేసి, కళ్లు బాగున్నాయనుకుంటాం.

మనిషికి రెండు కళ్లతో అడ్డంగా సుమారు 180 డిగ్రీలకు పైగానే కనిపిస్తుంది. అంటే మనం పుట్టుకతోనే ఫిష్ ఐ మోస్తున్నాం, గమనించం అంతే. నాన్నకు గుండ్రటి యంత్రంలో తల పెట్టించి, చిన్న చిన్న వెలుగు చుక్కలు చూపిస్తూ, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కించే పరీక్ష చేశారు. రిపోర్టులో చుట్టూ నలుపు, మధ్యలో చిన్న తెలుపు. డాక్టరు లెక్కలో మిగిలింది సుమారు 20 డిగ్రీలు. పోయిన చూపు తిరిగి రాదని, చుక్కల మందు క్రమం తప్పకుండా వేస్తే ఉన్నదాన్ని కాపాడుకునే అవకాశం ఉందని చెప్పారు.

సంక్రాంతి వచ్చింది. సూరత్‌లో అది ఉత్తరాయణ్. జనవరి 14న ఊరంతా మేడల మీదే ఉంటుంది. ఉంధియు, జిలేబి, మైకుల్లో పాటలు, పతంగి తెగినప్పుడల్లా "కాయ్‌పో ఛే" అంటూ కేకలు. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నారు, ఒక పతంగి దొరికేలోపు అది చూపు దాటిపోతోంది. కాసేపటికి తల దించుకుని మనవరాలి చేతిలోని చరఖా వైపు చూస్తూ ఉండిపోయారు.

నేను కెమెరాను కుర్చీ ముందు, మా అందరి మధ్య నేలమీద పెట్టి, పైకి చూపిస్తూ ఒకటి తీశాను. ఫోన్‌లోకి పంపి ఆయన చేతికిచ్చాను. ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. 15 సెంటీమీటర్ల ఫోన్‌ను అడ్డంగా 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది మన కంటిముందు సుమారు 20 డిగ్రీల స్థలం తీసుకుంటుంది. ఏ ఫొటో అయినా ఆ స్థలంలో పడుతుంది. కానీ మామూలు ఫొటోలో ఉండేది దృశ్యంలో ఒక ముక్క. ఫిష్ ఐ ఫొటోలో 180 డిగ్రీల ఆకాశం ఉంది. నాన్నకు మిగిలిన కిటికీ, ఈ ఫొటో కొలతా ఒక్కటే అయ్యాయి.

ఆయన చాలాసేపు చూశారు. పతంగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై ఒకటి దాకా వచ్చి, "ఇన్నున్నయా!" అన్నారు.

ఇది వైద్యం కాదని స్పష్టంగా చెప్పాలి. బొమ్మ కుదించుకుపోయినప్పుడు వివరం చిన్నదవుతుంది. ఫొటో చూసి నడవలేం. అయితే దృశ్యాన్ని చిన్నదిగా చేసి మిగిలిన చూపులో పట్టించే సూత్రాన్ని, తిరగేసిన దూరదర్శిని రూపంలో, తక్కువ చూపు ఉన్నవారికి సాయం చేసే నిపుణులు కూడా వాడతారని తర్వాత తెలిసింది. మన తలుపు గాజుకన్ను పనిచేసేది కూడా ఆ సూత్రం మీదే. బయటివైపు వెలుగును విడదీసే కటకం, లోపలివైపు దగ్గర చేర్చే కటకం. మా అమ్మాయి ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పేసరికి ఏడాది పట్టింది.

మీరూ ప్రయత్నించాలంటే

చేప కన్ను మన చుట్టూ చాలాచోట్ల పనిచేస్తూనే ఉంది. కొన్ని కార్యాలయాల్లో సీలింగ్ మధ్యలో ఒకే ఒక్క సీసీటీవీ గుండ్రం హాలంతా చూస్తుంది. సాఫ్ట్‌వేర్ దాని వంపులను సరిచేసి మామూలు బొమ్మలుగా విడగొడుతుంది. అడవుల్లో చెట్ల గుబురు ఎంత వెలుగును ఆపుతోందో కొలవడానికి నేలమీంచి పైకి ఇలాగే ఫొటోలు తీస్తారు. 360 డిగ్రీల కెమెరాల్లో వీపు వీపు ఆనించి రెండు ఫిష్ ఐలు ఉంటాయి. ప్లానిటోరియం గుమ్మటం మీద వేసే బొమ్మ కూడా మొదట గుండ్రటి ఫిష్ ఐ బొమ్మే. హైదరాబాద్ బిర్లా ప్లానిటోరియంకైనా, సూరత్ సైన్స్ సెంటర్‌కైనా పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఈ మాట చెప్పండి.

సరదాగా మొదలుపెట్టాలనుకునేవారికి నా అనుభవంలోంచి నాలుగు మాటలు. ఫోన్‌లో 0.5 అని ఉండే వైడ్ కెమెరాను ఫిష్ ఐ అనుకోకండి. అది సాధారణంగా వంపులను సరిచేసి చూపిస్తుంది. ఫోన్‌కు క్లిప్‌లా పెట్టుకునే చిన్న లెన్స్‌లు చవకగా దొరుకుతాయి, నేర్చుకోవడానికి అవి చాలు. దిగంతరేఖ ఫొటో మధ్యలో ఉంటే నిటారుగా ఉంటుంది, పైకో కిందికో జరిగితే వంగుతుంది. ఏ వంపు కావాలో మీ ఇష్టం. వస్తువుకు మీరు అనుకున్నదానికంటే బాగా దగ్గరికి వెళ్లండి, లేకపోతే అన్నీ ఆవగింజలవుతాయి. ముఖాలను అంచుల్లో పెట్టకండి. అలా పెట్టి తీసిన ఒక గ్రూపు ఫొటో వల్ల మా బ్రాంచిలో నాతో మాట్లాడని సహోద్యోగి ఒకరు ఇప్పటికీ ఉన్నారు. ముందుకు ఉబ్బిన గాజుకు ఫిల్టర్ రక్షణ ఉండదు కాబట్టి మూత మరిచిపోకండి.

ఇక హెచ్చరిక. దయచేసి దీన్ని సరదా కిందికి నెట్టేయకండి. నలభై దాటిన ప్రతివారూ ఒకసారి పూర్తి కంటి పరీక్ష చేయించుకోండి. అక్షరాల చార్టుతో ఆపకుండా కంటి ఒత్తిడి, చూపు నరం చూడమని అడగండి. తల్లిదండ్రులకు గానీ, తోబుట్టువులకు గానీ గ్లకోమా ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. నాన్న రిపోర్టు వచ్చిన వారంలో నేనూ చూపించుకున్నాను. ఒక కంటిలో ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంది. నరానికి ఇంకా ఏమీ కాలేదు. ఆరు నెలలకొకసారి రమ్మన్నారు. రెన్యువల్ తేదీలు రాసుకునే డైరీలోనే ఆ తేదీ కూడా ఎర్ర సిరాతో రాసుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు గుమ్మాలకు తగులుతున్నా, మెట్ల దగ్గర తడబడుతున్నా, పక్కనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నా, వయసు అని సరిపెట్టుకోకండి. మేం సరిపెట్టుకున్నాం.

ఉత్తరాయణ్ ఫొటోను పెద్దగా ప్రింటు వేయించాలనుకుంటే నాన్న వద్దన్నారు. పెద్దదైతే మళ్లీ అంచులు కనిపించవట. పోస్టుకార్డు సైజులో వేయించి ఇచ్చాను. జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మొన్న లింబాయత్ నుంచి బంధువులు వస్తే బయటికి తీసి చూపించారు. కోడలు, మనవరాలు, ఎదురింటి బెన్, పైన పతంగులు, ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించాక ఆగి నావైపు తిరిగారు.

"అందరున్నరు గని, నువ్వేడున్నవ్‌రా?"

కిందివైపు అంచు దగ్గర చూడమన్నాను. ఫొటోను కొంచెం పైకి జరిపి, వెతికి, నవ్వారు. అక్కడ నా చెప్పులున్నాయి.